సత్యంగారి రెండో గొంతు

సత్యంగారికి గొంతు పోయేనాటికే ఆయన భార్య చౌడేశ్వరమ్మగారికి చూపు పోయింది. ఆవిడకు కళ్లలో నీటికాసులు, కనిపెట్టేసరికే ఆలస్యమైపోయింది. ఆయనది గొంతు క్యాన్సర్. ప్రాణం దక్కించడానికి డాక్టర్లు స్వరపేటిక తీసేసి, ఊపిరి పీల్చుకోవడానికి మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. ఆయన కాగితం మీద రాస్తే ఆవిడకు కనిపించదు. ఆవిడ ఏదైనా అడిగితే ఆయన బదులు పలకలేరు. పెళ్లయిన నాటి నుంచి ఒకే మగ్గం దగ్గర ఆయన నేస్తూ, ఆవిడ నూలు కండెలు చుట్టి అందిస్తూ, కబుర్లలోనే కాపురం చేసిన మనుషులు. దేవుడికి వేరే పనేమీ దొరకలేదా అని నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

నా పేరు మల్లీశ్వరి. గవర్నర్‌పేటలో మా నాన్న నడిపిన బట్టల కొట్టుకు అడ్డంగా గోడ కట్టించి, రోడ్డు వైపు సగంలో లాప్‌టాప్‌లు బాగుచేస్తాను. లోపలికి రాగానే "మెకానిక్ లేడామ్మా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "ఉన్నాడండీ, చీర కట్టుకుని మీ ఎదురుగానే కూర్చున్నాడు" అంటాను. నా నోరు మంచిది కాదని మా వీధిలో పేరుంది. చెయ్యి మంచిదని కూడా అనుకుంటారు కాబట్టి కొట్టు నడుస్తోంది.

సత్యంగారి కూతురు ప్రత్యూష ఆ లాప్‌టాప్‌ను నా దగ్గరికి తెచ్చింది. ఆమె మైలవరం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. అమ్మానాన్నలను పెడన నుంచి తీసుకొచ్చి తనతోపాటు కొండపల్లిలో ఉంచుకుంది. ఆపరేషన్‌కు ముందు తండ్రిని కూర్చోబెట్టి, దొరికిన పుస్తకమల్లా చదివించి, పెళ్లి శుభలేఖలతో సహా రికార్డు చేసింది. ఆ రికార్డింగుల నుంచి తన విద్యార్థుల సాయంతో ఒక గొంతు తయారుచేసింది. ఆయన కీబోర్డు మీద అంటించిన తెలుగు అక్షరాలు నొక్కితే, కంప్యూటర్ ఆ మాటలను ఆయన గొంతుతోనే, పెడన యాసతోనే పలుకుతుంది. పాత లాప్‌టాప్ కనుక, దాన్ని నడిపించడానికి లైనక్స్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్ పెట్టారు.

"పొద్దున పూట బాగానే మాట్లాడుతుందక్కా. మధ్యాహ్నం దాటేసరికి నత్తి పట్టినట్టు నానుస్తది. చిన్న మాటైతే ఎలాగో పలుకుద్ది. పెద్దదైతే సగంలో ఆగిపోద్ది" అంది ప్రత్యూష.

నేను తెరిచి చూశాను. కంప్యూటర్ మెదడైన ప్రాసెసర్ ఎప్పుడూ ఒకే వేగంతో నడవదు. పని పడితే పరుగెత్తుతుంది, లేకపోతే నెమ్మదిస్తుంది. ఎప్పుడు ఎంత వేగంతో నడవాలో చెప్పే ఏర్పాటు లైనక్స్‌లో ఉంటుంది. అది ఈ లాప్‌టాప్‌లో కరెంటు పొదుపు చేసే వైపు పెట్టి ఉంది.

"ఇలా ఎవరు పెట్టారు?" అని అడిగాను.

"మా పిల్లలే అక్కా. మాకు కరెంటు కోతలెక్కువ. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని."

కొండపల్లికి కూతవేటు దూరంలో కరెంటు పుట్టే థర్మల్ స్టేషన్. ఆ ఊళ్లో కరెంటు కోతలు. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

పొదుపు తీసేసి పూర్తి వేగం వైపు మార్చాను. లాప్‌టాప్ నా బల్ల మీద గలగలా మాట్లాడింది. రోగం తేలిపోయిందనుకుని పంపించేశాను. వాపును చూసి బలుపనుకోవడమంటే ఇదే. మర్నాడు ప్రత్యూష ఫోన్ చేసింది. పరిస్థితి మునుపటికంటే అధ్వాన్నంగా ఉందట. మధ్యాహ్నానికి ఒక్క మాట కూడా సరిగా రావడం లేదట. కరెంటు పోతే బ్యాటరీ కూడా చప్పున అయిపోతోందట.

నేను బాగుచేసిన మెషిన్ తిరగబడితే నాకు చెంపదెబ్బ తిన్నట్టుంటుంది. కొట్టుకు తాళం వేసి, కొండపల్లి బస్సెక్కాను.

బొమ్మలు చెక్కే ఇళ్ల వరసలో మగ్గం ఉన్న ఇల్లు అదొక్కటే. పెడనలో ఉన్న గుంట మగ్గాన్ని పెకలించి తేలేరు గనక, సత్యంగారు ఇక్కడ ముందుగదిలో స్టాండు మగ్గం పెట్టుకున్నారు. మగ్గం పక్కన స్టూలు మీద లాప్‌టాప్ ఉంది. గోడవారగా రాట్నం ముందు చౌడేశ్వరమ్మగారు కూర్చుని కండె చుడుతున్నారు. ఆ పనికి కళ్లు అక్కర్లేదు, దారం ఎంత నిండిందో ఆవిడ వేలే చెబుతుంది. నేను గుమ్మంలో పేరు చెప్పగానే ఆవిడ గబగబా లేచి, గదిలో అటూ ఇటూ సర్ది, నాకు పీట వేశారు.

"మన దేవాంగుల పిల్లవంటగా. మీ నాన్న దగ్గరికి మా ఆయన చీరలు తెచ్చేవోరమ్మాయ్" అన్నారు.

సత్యంగారు మగ్గం దిగారు. పల్చటి మనిషి, మెడ చుట్టూ తనే నేసుకున్న సన్నని తెల్లగుడ్డ. మెడ రంధ్రంలోకి దుమ్ము వెళ్లకుండా అది ఎప్పుడూ ఉండాలని డాక్టర్లు చెప్పారట. ఆయన స్టూలు దగ్గర కూర్చుని రెండు వేళ్లతో నొక్కారు.

"కాఫీ తాగు అమ్మాయ్" అంది లాప్‌టాప్. మొరటుగా, కాస్త ముక్కుతో పలికే గొంతు. అది వినగానే చౌడేశ్వరమ్మగారి మొహం ఆ వైపు తిరిగింది. ఎదుటి మనిషి పిలిస్తే తిరిగినట్టే తిరిగింది.

లాప్‌టాప్ అడుగు మూత విప్పాను. ఫ్యాను రెక్కల నిండా నూలు పీచు పేరుకుపోయి ఉంది. నేత ఇంట్లో అది మామూలే. శుభ్రంగా ఊడ్చి, వేడి పోవడానికి పూసే ముద్ద కొత్తగా పూసి బిగించాను. ఛార్జర్‌ను గుర్తుపట్టకపోయినా కొన్ని మెషిన్లు వేగం తగ్గించేసుకుంటాయని నాతో తెచ్చిన ఇంకో ఛార్జర్ కూడా పెట్టి చూశాను. అంతా సవ్యంగానే ఉంది.

చౌడేశ్వరమ్మగారు కాఫీ కలపడానికి లోపలికి వెళ్లగానే సత్యంగారు నా మోచేయి తట్టారు. స్పీకరు ఆపేసి, తెర మీద టైపు చేశారు. నెమ్మదిగా ఒక్కో అక్షరం వచ్చింది.

"రోగం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇంక వైద్యం లేదన్నారు. పిల్లకు తెలుసు. దీనికి తెలీదు."

ఆయన మళ్లీ నొక్కారు.

"నేనే చెప్పాలి. మొన్న మొదలెట్టా. సగంలో గొంతు ఇరుక్కుపోయింది. నాకు ఊపిరాడట్లేదనుకుంది. నా మెడ తడిమి తడిమి ఏడ్చి, ఇరుగు పొరుగు అందర్నీ పిలిచింది."

"ప్రత్యూష చెప్పకూడదా బాబాయ్?" అని మెల్లగా అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మా ఇద్దరి మాట మా ఇద్దరిదే. మధ్యలో ఆగకుండా ఒక్కసారి చెప్పనివ్వు చాలు." కాఫీ గ్లాసుల చప్పుడు వినపడగానే ఆ అక్షరాలన్నీ చెరిపేశారు. ఆవిడకు కనిపించదని ఆయనకు తెలుసు. అయినా చెరిపేశారు.

ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. లాప్‌టాప్‌ల రోగాలు చాలా చూశాను. ఫలానాది బాగవకపోతే పరీక్ష పోతుందని, జీతాలు ఆగుతాయని జనం నా ప్రాణం తోడేస్తుంటారు. ఒక మనిషి తన చావు కబురు భార్యకు తానే చెప్పుకోవడానికి నా సాయం అడగడం అదే మొదలు. భయమేసింది.

రెండు రోజులకు ప్రత్యూష మళ్లీ లాప్‌టాప్ పట్టుకొచ్చింది. మొదటి రోజు బాగుందట, రెండో మధ్యాహ్నానికి మళ్లీ అదే నత్తి. కొట్టులో పగలంతా నడిపాను. పెద్ద పెద్ద వాక్యాలు ఇచ్చి చదివించాను. వేగం తగ్గలేదు, లోపలి వేడి పెరగలేదు. నా దగ్గర ఆరోగ్యంగా ఉండి, ఇంటికి వెళ్లగానే జబ్బు పడుతోందంటే జబ్బు మెషిన్‌లో లేదు. ఇంట్లో ఉంది. ఆ మాట ముందే తట్టనందుకు నన్ను నేనే తిట్టుకుని, మర్నాడు లాప్‌టాప్ నేనే తీసుకెళ్లాను.

"ఇవాళ మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటా పిన్నీ. నా పని నేను చూసుకుంటా. నేనున్నట్టే అనుకోకండి" అన్నాను.

"అట్టా అంటే ఎట్టా? అన్నం తిని పడుకో" అన్నారావిడ.

గోంగూర పప్పుతో అన్నం పెట్టారు. సత్యంగారు గంజిలాంటి మెత్తని అన్నం తిని మగ్గమెక్కారు. అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడులో నేను గోడకు ఆనుకుని కూర్చుని, లాప్‌టాప్ తెర కేసి చూస్తున్నాను. వేగం ఎంత, వేడి ఎంత అన్నది అక్కడ కనిపిస్తూ ఉంటుంది. పూర్తి వేగంతోనే ఉంది. నాకు కునుకు పట్టింది. నేను కదలకపోయేసరికి పడుకున్నాననే అనుకున్నట్టున్నారు చౌడేశ్వరమ్మగారు.

అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచాను. ఆవిడ గోడ తడుముకుంటూ స్టూలు దగ్గరికి వచ్చారు. చేతిలో తెల్లగుడ్డ ఉంది. సత్యంగారి మెడ చుట్టూ ఉన్న గుడ్డా, ఇదీ ఒకే తానులోవి. దాన్ని నాలుగు మడతలు పెట్టి, అంచులు వేళ్లతో సరిచూసుకుని, లాప్‌టాప్ వెనక భాగం చుట్టూ కప్పారు. కీబోర్డు, తెర వదిలేసి, వేడి గాలి బయటికొచ్చే సందులన్నీ మూసుకుపోయేలా, పసిబిడ్డకు చెవులు కప్పినంత జాగ్రత్తగా కప్పారు. తర్వాత దాని మీద అరచేయి పెట్టి కాసేపు నిలబడ్డారు.

తెర కేసి చూశాను. వేడి పైకెక్కడం మొదలైంది. సత్యంగారు రెండు కండెలు మార్చేలోపే వేగం కూలబడింది. పొయ్యి మీద పాలు పొంగితే మంట తగ్గించినట్టు, ప్రాసెసర్ తాను కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. నేను పూర్తి వేగం పెట్టడంతో వేడి ఇంకా తొందరగా ఎక్కింది. అందుకే ముందుకంటే అధ్వాన్నమైంది.

"పిన్నీ, ఆ గుడ్డ రోజూ కప్పుతున్నారా?" అని అడిగాను.

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "మెలకువగానే ఉన్నావా? ఎవరైనా వస్తే తీసేస్తానమ్మాయ్, చూసేవాళ్లకి బాగోదని. లేకపోతే పొద్దున వంట పనయ్యాక కప్పే ఉంచుతా. నూలు దుమ్ము ఇల్లంతా. ఆయన గొంతుకి దుమ్ము తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇదీ ఆయన గొంతేగా?"

ఎక్కడో పొరపాటు జరుగుతోందని, దొరికితే నాలుగు మాటలు అనాలని ఇన్ని రోజులుగా పళ్లు నూరుకుంటున్నాను. దొరికిన పొరపాటు ఇది. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ చేయి పట్టుకుని లాప్‌టాప్ అంచున పెట్టాను. "ఇక్కడ తాకి చూడండి. సలసలా కాగుతోంది కదా? ఇది ఇక్కణ్నుంచే ఊపిరి వదులుద్ది పిన్నీ. ఆ ఊపిరికి అడ్డం లేకుండా చూడాలి. బాబాయి మెడకి గుడ్డ ఉండాలి, దీనికి గాలి ఆడాలి. అంతే తేడా."

"అయితే ఆయన మాట నా చేతుల్తో నేనే నొక్కేశానా?" అన్నారావిడ. చేయి వెనక్కి తీసుకోలేదు. మొహం మాత్రం పాలిపోయింది.

సత్యంగారు మగ్గం ఆపి వచ్చారు. గుడ్డ తీసి భుజాన వేసుకున్నారు. స్టూలు ముందు కూర్చుని, లాప్‌టాప్ కాస్త చల్లబడేదాకా ఆగి, నొక్కారు.

"నేను చూస్తానే ఉన్నా. మంచిదేననుకున్నా. కప్పకుండా మగ్గాన్ని ఎవడు వదిలేస్తాడే, పిచ్చిదానా?" అంది ఆయన గొంతు.

అది మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకున్నారు.

తర్వాత నేను లాప్‌టాప్‌కు ఇంకో ఏర్పాటు చేశాను. కీబోర్డు తాకినప్పుడు పూర్తి వేగం, తాకనప్పుడు పొదుపు. అలా అయితే బ్యాటరీ మిగులుతుంది, వేడీ ఉండదు. సత్యంగారికి అది వివరిస్తుంటే ఆయన నా వైపు చూసి, మగ్గం వైపు చేయి చూపించారు. తర్వాత టైపు చేశారు.

"పొద్దుగూకాక పడుగు వదులు చేసినట్టా?"

నేత కుటుంబంలో పుట్టినా మగ్గమెక్కని దాన్ని. ఆయనే చెప్పారు. మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగు దారాలను పని ఉన్నంతసేపే బిగించి ఉంచుతారట. చీకటి పడి నేతగాడు మగ్గం దిగేటప్పుడు వదులు చేసి దిగుతాడట. అలాగే బిగించి వదిలేస్తే రాత్రంతా లాగుడుకు దారం చచ్చిపోతుందట, తెల్లారి పట్టుకుంటే పుటుక్కుమంటుందట.

"అదే బాబాయ్, సరిగ్గా అదే" అన్నాను.

ఆయన మళ్లీ నొక్కారు. "ఇవాల్టికి మాత్రం బిగించే ఉంచు. మాట్లాడేది ఉంది."

నేను పూర్తి వేగంలో పెట్టి, బయటికి వెళ్లి ఎదురింటి బొమ్మల వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. వాళ్లు రంగులు వేసి ఆరబెట్టిన బొమ్మలు వరసగా ఉన్నాయి. ఇంట్లోంచి ఆ గొంతు వినిపించింది. మాటలు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ నేను అనుకోలేదు. అది ఆగుతుందేమోనని మాత్రం చెవులు రిక్కించి కూర్చున్నాను. మొరటుగా, కాస్త ముక్కుతో, ఒకే తీరుగా సాగింది. ఆయన టైపు చేయడానికి పట్టిన విరామాలు తప్ప అడ్డేమీ రాలేదు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. చివరికి రాట్నం తిరుగుతున్న శబ్దం వచ్చింది.

నా సంచీ కోసం లోపలికి వెళ్లాను. సత్యంగారు గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుని ఉన్నారు. చౌడేశ్వరమ్మగారు కండె చుడుతున్నారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, వేళ్లు మాత్రం ఆగలేదు.

"అంతా చెప్పారమ్మాయ్. మధ్యలో ఎక్కడా ఆగలేదు" అన్నారు.

ఆ తర్వాత సత్యంగారు మగ్గమెక్కడం తగ్గిపోయింది. మాట్లాడటం పెరిగింది. ఎప్పుడు ఏ మాట గుర్తొస్తుందో తెలీదు, వదులు చేయొద్దు, అలాగే ఉంచెయ్యమని నాకు కబురు చేశారు. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా ప్రత్యూష ఇన్వర్టర్ పెట్టించింది. నేను పొదుపు ఏర్పాటంతా తీసేశాను. తమ పెళ్లి చూపుల నాడు చౌడేశ్వరమ్మగారు కట్టుకున్న చీర అంచు ఏ రంగో, పెడనలో వరద వచ్చినప్పుడు మగ్గం గుంటలోంచి చేపను పట్టిందెవరో, అన్నీ ఆ గొంతు చెప్పిందట. ఆవిడ కొన్నిటికి నవ్వేవారట. కొన్ని అబద్ధాలని పోట్లాడేవారట కూడా. ఆయన ఆసుపత్రిలో పోలేదు. మగ్గం ఉన్న గదిలోనే, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పోయారు.

పెద్దకర్మ అయ్యాక వెళ్లాను. మగ్గం మీద ఆయన సగం నేసి ఆపిన చీరను పెడన నుంచి వచ్చిన ఆయన తమ్ముడు పూర్తి చేసి కోశాడు. ఎక్కించిన పడుగును మధ్యలో తెంచడం నేతగాళ్లలో లేదు. లాప్‌టాప్ మాత్రం స్టూలు మీద అలాగే నడుస్తోంది. ఆపడానికి ఎవరికీ చేయి రాలేదట.

"దాన్ని చూస్తే భయంగా ఉందక్కా. ఎవరి చెయ్యి తగిలినా 'ఇదిగో' అని నాన్న పిలుస్తారేమోనని ఆ పక్కకే పోవట్లేదు. అమ్మ అడిగితే ఏదైనా పలికిద్దామా అని కూడా అనిపిస్తది. అమ్మేమో అడగదు" అంది ప్రత్యూష గొంతు తగ్గించి.

నేనూ అదే అనుకుంటూ వచ్చాను. ఆవిడ అడుగుతారు, ఒక్క మాట పలికించమంటారు, ఏం చెయ్యాలా అని దారంతా నలిగాను. మనిషి అనని మాటను మనిషి గొంతుతో అనిపించడం నాకు చేతకాదు. కాదనడం కూడా చేతకాదు.

చౌడేశ్వరమ్మగారు నా అలికిడి విని వచ్చారు. లాప్‌టాప్ అంచున, నేను ఒకప్పుడు చూపించిన చోటే, వేళ్లు పెట్టారు. గోరువెచ్చని గాలి వస్తోంది.

"ఇంకా బిగించే ఉందా అమ్మాయ్?"

"ఉంది పిన్నీ. బాబాయి అలాగే ఉంచమన్నారుగా."

"ఆయన చెప్పాల్సింది ఒక్కటి కూడా మిగల్చలేదు. అన్నీ చెప్పేశారు" అన్నారావిడ. "మగ్గం దిగాక బిగించి ఉంచకూడదమ్మా. దారం చచ్చిపోద్ది. వదులు చేసెయ్."

కీబోర్డు మీద చేయి వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. ముందు స్పీకరు ఆపి, తర్వాత వేగాన్ని బాగా కిందికి దించాను. ఫ్యాను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆవిడ ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా విన్నారు. తర్వాత లోపలికి వెళ్లి, ఆయన మెడకు కట్టుకున్న తెల్లగుడ్డ ఉతికి మడిచి ఉంచింది తెచ్చి, నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచూసుకుని లాప్‌టాప్ మీద కప్పారు. ఈసారి నేను వద్దనలేదు.